సెట్‌టాప్ బాక్స్ రికార్డింగ్‌లో నల్ల తెర వస్తోంటే

అన్నా, డీటీహెచ్ బాక్స్ హెచ్‌డీఎంఐ వైరు క్యాప్చర్ కార్డుకు (వీడియోను కంప్యూటర్‌లో రికార్డు చేసే పరికరానికి) పెడితే నల్ల తెర తప్ప ఏమీ రావట్లేదన్నారు కదా. చాలావరకు తప్పు కార్డుది కాదు. పే ఛానెళ్ల బాక్సు బయటికి పంపే సిగ్నల్‌కు హెచ్‌డీసీపీ అనే కాపీ నిరోధక తాళం ఉంటుంది, అందుకే కార్డుకు బొమ్మ అందదు.

ఆ దారి వదిలేయండి. అమ్మగారికి దూరదర్శన్, డీడీ యాదగిరి ఛానెళ్లు చాలంటున్నారు కాబట్టి దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోండి, నెల నెలా చందా కూడా ఉండదు. పాత డెస్క్‌టాప్‌లో డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డు (డిష్ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి తీసుకునే కార్డు) బిగించాలి. కొనే ముందే దానికి లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి, డబ్బులు పోయేది ఇక్కడే. డిష్, దాని ముందు బిగించే సిగ్నల్ రిసీవర్ ఎల్‌ఎన్‌బీ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున, సుమారు 63 డిగ్రీల ఎత్తులో. టెర్రస్ మీద అటువైపు నీళ్ల ట్యాంకు అడ్డం రాకూడదు. గట్టి వానకు సిగ్నల్ పోతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

రికార్డింగ్‌కు టీవీహెడెండ్ (Tvheadend), చూడటానికి కోడి (Kodi) అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకోండి. రెండో కార్డు అప్పుడే వద్దు: ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం ఒకే ఫ్రీక్వెన్సీలో కలిపి పంపే ఛానెళ్ల గుంపు) మీదున్న ఛానెళ్లన్నీ ఒక్క ట్యూనర్‌తోనే ఒకేసారి రికార్డు చేసుకోవచ్చు. సెకనుకు 3 మెగాబిట్ల (ఎంబీపీఎస్) ఛానెల్ గంటకు దాదాపు 1.35 జీబీ తింటుంది, అంటే 1 టీబీ డిస్కులో 700 గంటలకు పైనే పడతాయి. ప్రతి రికార్డింగ్ 5 నిమిషాలు ముందు మొదలై 10 నిమిషాలు ఆలస్యంగా ఆగేలా పెట్టండి, లేకపోతే క్లైమాక్సే తెగిపోతుంది.