పెడల్ నేలకి తగులుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అన్నా నమస్తే, మేం డల్లాస్ దగ్గర ఉంటాం. ఎన్నాళ్లనుంచో ఉన్న పిచ్చి, మొన్ననే 1932 ఫోర్డ్ హాట్ రాడ్ (వేగంగా పోయేలా మార్చిన పాత కారు) కొన్నా. ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ సూపర్ గానీ బ్రేకంటేనే భయం, మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా పోతుంది, రెండుమూడుసార్లు కొడితే పైకొస్తుంది, గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగేస్తుంది. అమ్మినాయన పాత బండ్లన్నీ ఇంతే అన్నాడు. ఫ్రెండ్సేమో అన్నీ పీకేసి డిస్కు బ్రేకులు పెట్టించమంటున్నారు. మా ఆవిడైతే అసలు ఎక్కనంటోంది.

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఆవిడ మాట వినండి, బండి రోడ్డెక్కించకండి. పాత బండ్లన్నీ ఇంతే అనేది అమ్ముకునేవాళ్ల మాట.

32 ఫోర్డ్‌కి కంపెనీ ఇచ్చినవి రాడ్లతో లాగే మెకానికల్ బ్రేకులు, ఫోర్డ్ వాళ్లు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్‌కి మారింది 1939 మోడల్‌తోనే. అందుకే హాట్ రాడ్ కుర్రాళ్లు 39 నుంచి 48 దాకా వచ్చిన ఫోర్డ్ డ్రమ్ము బ్రేకులు తెచ్చి 32కి బిగించేవాళ్లు, వాటికి జ్యూస్ బ్రేకులని ముద్దుపేరు. పెడల్ కొడితే లేస్తోందంటే మీవీ హైడ్రాలిక్కే, బహుశా అవే. వీటిలో షూలు (డ్రమ్ముకి లోపల్నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపేవి) అరిగేకొద్దీ వాటంతటవే దగ్గరకి రావు, బ్యాక్ ప్లేట్ (షూలు బిగించిన పలక) వెనకున్న బోల్టులు తిప్పి మనమే సెట్ చెయ్యాలి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకపోతే ఇదిగో పెడల్ ఇలాగే నేలకి పోతుంది. ఎడమకి లాగుతోందంటే తేడా ఎక్కువగా కుడివైపే ఉంటుంది, అక్కడ పట్టు లేదన్నమాట. షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు కొంచెం ఎత్తి చూడండి, లోపల తడుందా, ఆ ఆయిలే షూ మీది లైనింగ్‌కి పట్టుంటుంది. కడిగి వాడదామనుకోవద్దు, షూలు రెండువైపులా మార్చాల్సిందే. పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ముకి ఎయిర్ గన్ మాత్రం కొట్టొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. వెనక డ్రమ్ములు టేపర్ యాక్సిల్ (చివర సన్నబడే ఇరుసు) మీద బిగుసుకుని ఉంటాయి, సుత్తితో బాదితే బేరింగులు పోతాయి, డ్రమ్ముని లాగి తీసే సరైన పుల్లర్ తెచ్చుకోండి.

అసలు నాకు భయం, పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌తో. పాతది సింగిల్ అయితే ఎక్కడో ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకుండదు, అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు భాగాలుగా విడిగా పనిచేసే డ్యుయల్ తప్పనిసరి చేసింది అందుకే. డ్రమ్ములుంచుకున్నా సరే డ్యుయల్ వేయించండి, రబ్బరు హోసులు పైకి బాగానే కనిపించినా లోపల ఉబ్బి మూసుకుపోతాయి, అన్నీ కొత్తవే వెయ్యండి.

డిస్కులంటారా, వీధి చివరిదాకా తిప్పి తెచ్చుకునే బండికి బాగా సెట్ చేసిన డ్రమ్ములు చాలు, ఫ్రీవే ఎక్కుతానంటే ముందు చక్రాలకి డిస్కులు పెట్టించండి, కాకపోతే ఆ పాత రిమ్ములో డిస్కుని పట్టి ఆపే క్యాలిపర్ పడుతుందో లేదో కొలుచుకున్నాకే డబ్బులు కట్టండి. ఇంకోటి, మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటే ఆయిల్ వెనక్కి జారిపోతుంది, డిస్కు లైనుకి 2 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వ్ (లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచేది), డ్రమ్ము లైనుకి 10ది పడాలి.

బ్లీడింగ్ (లైన్లలో గాలి తీసేయడం) అయ్యాక బండి కదపకుండానే పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కూడా దిగలేదంటే అప్పుడు వెళ్లి మీ ఆవిడని అడగండి.