నాలుగో యాక్సిస్ తగిలిస్తే చిన్న సీఎన్‌సీ, లేత్ చేసే పని చేస్తుందా?

మీ 3018 సీఎన్‌సీకి (కంప్యూటర్ కోడ్‌తో నడిచే చిన్న కోత యంత్రం) నాలుగో యాక్సిస్‌గా తిరిగే చక్, అంటే కర్రను పట్టి తిప్పే బిగింపు, తగిలించి ఏటికొప్పాక తరహా లక్క బొమ్మలు చేయవచ్చా అని అడిగారు. కర్రకు గుండ్రటి రూపం ఇవ్వవచ్చు కానీ, లక్క పూత దానిమీద కుదరదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద వేగంగా తిప్పుతూ లక్క కడ్డీని అదిమి పట్టినప్పుడు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మన చక్‌ను తిప్పేది స్టెప్పర్ మోటారు, అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటారు. వేగం పెరిగేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది; పైగా నా చక్‌కు ఉన్నట్టు 6:1 బెల్టు ఉంటే, మోటారు నిమిషానికి 600 చుట్లు తిరిగినా కర్ర తిరిగేది 100 చుట్లే. ఆ వేగంలో లక్క కరగదు, లేత్ ఉలితో కోత కూడా నునుపుగా రాదు.

కాబట్టి ఇక్కడ కోసే పని స్పిండిల్‌లో (యంత్రంలో వేగంగా తిరిగే తల) బిగించిన ఎండ్ మిల్ అనే కోత పనిముట్టుది, దాని కింద కర్ర నెమ్మదిగా తిరుగుతుంది. 30 మి.మీ. వ్యాసం, 120 మి.మీ. పొడవు ఉన్న కర్రను నిమిషానికి 600 మి.మీ. ఫీడుతో (కర్ర మీద పనిముట్టు సాగే వేగం), చుట్టుకు 1 మి.మీ. జరుపుతూ కోస్తే ఒక్క పొరకే సుమారు 19 నిమిషాలు పడుతుంది. అందుకే చదరపు కర్రను నేరుగా బిగించకుండా, ముందు చిత్రిక పట్టి ఎనిమిది పలకలుగా చేసుకుంటాను. ఉత్త గుండ్రటి పని లేత్‌కే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. మెలి తిరిగిన గాళ్లు, పలకలు, చుట్టూ అక్షరాలు కావలసినప్పుడే ఈ యాక్సిస్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఫీడు విషయంలో చాలా జాగ్రత్త అవసరం, ఎందుకంటే యంత్రం లెక్కపెట్టేది డిగ్రీలను. 30 మి.మీ. వ్యాసం దగ్గర ఒక డిగ్రీ అంటే 0.26 మి.మీ., అదే బొమ్మ మెడ 10 మి.మీ.కు దిగిన చోట 0.09 కంటే తక్కువ. డిగ్రీల వేగాన్ని మార్చకపోతే మెడ దగ్గర అసలు ఫీడు మూడో వంతుకు పడిపోయి, ఎండ్ మిల్ కోయడం మాని రాసుకుంటూ కర్రను మాడుస్తుంది. మీ క్యామ్ సాఫ్ట్‌వేర్ (డిజైన్‌ను యంత్రం కోడ్‌గా మార్చేది) జీ93 పద్ధతిలో, అంటే ఒక్కో కదలికకు పట్టే సమయాన్ని చెబుతూ, కోడ్ ఇస్తే వ్యాసానికి తగ్గట్టు వేగం అదే సర్దుకుంటుంది, యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం జీఆర్‌బీఎల్ కూడా దాన్ని అర్థం చేసుకుంటుంది.

కోత నునుపుగా రావడానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది, ఎండ్ మిల్‌ను చక్ మధ్యరేఖకు సరిగ్గా పైన కాకుండా కొంచెం పక్కన నిలపడం. ఎంత వేగంగా తిరిగినా ఎండ్ మిల్ సరిగ్గా నడుమ బిందువు దగ్గర వేగం సున్నా, అక్కడ కోత ఉండదు, పీచు లేస్తుంది. చదునైన అడుగున్న 3.175 మి.మీ. ఎండ్ మిల్‌ను 1 మి.మీ. పక్కకు జరిపితే, కర్ర పైగీతను అంచు దగ్గరి పన్ను తాకుతుంది; జరిపిన దూరం ఎండ్ మిల్ సగం వ్యాసం కంటే తక్కువే కాబట్టి కొలత కూడా చెడదు.

జెడ్ సున్నాను, అంటే ఎత్తును కొలవడం మొదలయ్యే చోటును, చక్ నడిమి అక్షం మీద పెట్టాలి. అక్కడ 0.1 తేడా వస్తే వ్యాసంలో 0.2 కనిపిస్తుంది. ఒక చిన్న ముక్కను 20 మి.మీ.కు కోసి వెర్నియర్‌తో కొలవండి, 20.2 వస్తే సున్నాను 0.1 కిందికి దించాలి.

ఇక వైరింగ్ సంగతి. ఆర్డ్యునో ఊనో అనే కంట్రోల్ బోర్డు మీది మామూలు జీఆర్‌బీఎల్‌కు మూడు యాక్సిస్‌లే తెలుసు కాబట్టి, వై మోటారు (బల్లను ముందుకూ వెనక్కూ జరిపేది) తీసేసి ఆ చోట చక్ మోటారు కలపాలి. స్టెప్పర్‌కు చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, 6:1 బెల్టు అయితే చక్ చుట్టుకు 19,200 మైక్రోస్టెప్పులు, అంటే డిగ్రీకి 53.33 అని సెట్టింగులో ఇవ్వాలి. వై బల్లను ముందే కావలసిన చోటికి తెచ్చి క్లాంపుతో బిగించండి, కరెంటు లేని మోటారు కోత అదురుకు దాన్ని పట్టి ఉంచలేదు. యంత్రానికి కరెంటు పూర్తిగా ఆపిన తరువాతే మోటారు వైర్లు ఊడదీయండి, లేకపోతే డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే చిప్) కాలిపోయే ప్రమాదం ఉంది.