కథలో స్టేజ్ పెంచకమ్మా

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ, దానితో పాటు రాసిన ఉత్తరం అందాయి. ఉత్తరంలో మీ అమ్మకు వచ్చింది డీసీఐఎస్, అంటే రొమ్ము కాన్సర్ తొలి మెట్టు, స్టేజ్ జీరో అని రాశావు. కథకు వచ్చేసరికి అది నాలుగో స్టేజ్ అయింది. జుట్టు ఊడింది, దగ్గితే రక్తం పడింది, కూతురి పెళ్ళి చూడకుండానే తల్లి కన్నుమూసింది. "సున్నా స్టేజ్ అంటే కథకు బరువు రాదేమోనని మార్చాను" అని నువ్వే చెప్పావు.

ఆ జబ్బు నాకూ వచ్చింది తల్లీ. అందుకే గట్టిగా చెబుతున్నాను, బరువు వస్తుంది. చావు లేకపోతే కథ నిలబడదన్న భయం ముందు వదిలెయ్. సినిమాల్లో కాన్సర్‌ని చూసీ చూసీ మనందరికీ ఆ అలవాటైంది.

ముందు జబ్బును సరిగ్గా తెలుసుకో. పాలు వచ్చే సన్నటి గొట్టాల లోపల కణాలు చెడి పెరుగుతాయి. గొట్టం గోడ దాటి బయటికి ఇంకా రాలేదు కాబట్టే సున్నా అంటారు. చాలామందికి గడ్డ చేతికి తగలదు, నొప్పీ ఉండదు. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో మాత్రం కాల్షియం చుక్కలు గుంపుగా కనిపిస్తాయి, నల్లటి ఫిల్ము మీద ముగ్గుపిండి రాలినట్టు. సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపితే గానీ అసలు సంగతి తేలదు. నీ కథలో తల్లి స్నానం చేస్తూ గడ్డ తడుముకుని కెవ్వుమంటుంది. మీ అమ్మకు అలా జరగలేదు కదా! పొద్దున పప్పు తాలింపు వేసి, చెకప్‌కి వెళ్ళిన మనిషి. ఒంట్లో ఏ బాధా లేదు. నాలుగు రోజులు తిరక్కుండా చేతిలో కాన్సర్ అని రాసిన కాగితం పెట్టారు. ఏ బాధా పెట్టని జబ్బు తనకుందని ఆమె ఎలా నమ్మింది? అసలు నమ్మిందా? కథ అక్కడ మొదలుపెట్టు.

ఇది మన దగ్గర ఎవరికి దొరుకుతుందో కూడా చూడు. ఆడవాళ్ళందరికీ వరసగా మామోగ్రామ్ తీసే కార్యక్రమం మన దేశంలో లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళకు చేత్తో పరీక్ష చేస్తారు. ఆ చుక్కలు చేతికి అందేవి కావు. అందుకే స్టేజ్ జీరో ఎక్కువగా బయటపడేది హెల్త్ ప్యాకేజీకి డబ్బు కట్టగలిగినవాళ్ళలో, పిల్లలు పోరుపెట్టి పరీక్షలు చేయించినవాళ్ళలో. మీ అన్నయ్య అమెరికా నుంచి డబ్బు పంపి చెకప్ చేయించాడని ఉత్తరంలో రాశావు. కథలోంచి అది ఎందుకు తీసేశావు? ఆ ఇంటి సంగతంతా అందులోనే ఉంది.

నా రేడియేషన్ రోజుల్లో బయట బెంచీ మీద నల్గొండ వైపు నుంచి వచ్చే ఒకావిడ నా పక్కన కూచునేది. జుట్టు పోయింది, తలకు కొంగు బిగించి కట్టుకునేది. ఒకరోజు నా జడ వైపు చూసి, "నీకు కీమో పెట్టలేదామ్మా?" అని అడిగింది. లేదన్నాను. "ఎన్నో స్టేజంట?" చెప్పాను. "మంచిదే" అని టోకెన్ నంబర్ల వైపు తిరిగింది. ఆ మాటలో అసూయా లేదు, ఎత్తిపొడుపూ లేదు. కానీ అప్పటికి నా చర్మం కమిలిపోయి జాకెట్టు తగిలితే భగ్గుమంటోంది. ఆవిడ పక్కన కూచుని మంట అనడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చినా ఎవరితోనూ అనలేదు. వచ్చినవాళ్ళందరూ "అదృష్టవంతురాలివి, మొగ్గలోనే దొరికింది" అనేవాళ్ళు. అదృష్టమే, కాదనను. కానీ ఆ మాట విన్నాక ఏడవడానికి మనిషికి చోటు మిగలదు. మీ అమ్మ బాత్రూంలో పంపు తిప్పుకుని ఎంతసేపు ఉండేదో నీకు తెలుసు. అది రాయి.

వైద్యం మొత్తం వరసగా రాయక్కర్లేదు. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీస్తారు, మూడు నాలుగు వారాలు కరెంటు (రేడియేషన్) పెడతారు, హార్మోన్ పరీక్ష పాజిటివ్ అయితే సాధారణంగా ఐదేళ్ళు మాత్ర వేసుకోమంటారు. గొట్టం దాటని జబ్బుకు కీమో ఉండదు. ఒకటి రెండు చోట్ల మాత్రం దగ్గరగా నిలబడు. ఆపరేషన్ రోజు పొద్దున సంగతి మీ అమ్మనడుగు. గడ్డ లేదు కాబట్టి ఎక్కడ కొయ్యాలో సర్జన్ చేతికి తెలియదు. చాలాచోట్ల మామోగ్రామ్ మెషీన్లో రొమ్మును బిగించి ఉంచి, చుక్కల దాకా సన్నటి తీగ గుచ్చుతారు. తీగ కొస బయటే ఉంటుంది. దాని మీద గాజుగుడ్డ అంటించి థియేటర్‌కి పంపుతారు. తీసిన ముక్కకు మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, చుక్కలు అందులోకి వచ్చాయో లేదో చూడటానికి. చుక్కలు మరీ విస్తారంగా పరుచుకుంటే రొమ్ము మొత్తం తీసెయ్యాల్సి వస్తుంది. సున్నా అంటూనే రొమ్ము తీసెయ్యాలంటే ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో ఊహించు.

ఇక ఈ కథకు గుండెకాయ లాంటి ప్రశ్న ఒకటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఏమయ్యేది? కొందరిలో ఆ కణాలు గొట్టం దాటి ముదురుతాయి. కొందరిలో జీవితాంతం కదలకుండా ఉండిపోతాయి. మీ అమ్మది ఏ రకమో కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు. లక్ష మందికి పైగా అమెరికా స్త్రీల వివరాలతో 2015లో వచ్చిన అధ్యయనంలో, ఇది బయటపడిన 20 ఏళ్ళలో రొమ్ము కాన్సర్‌తో పోయినవాళ్ళు 100కి 3 చొప్పున తేలారు. ముప్పు తక్కువ రకం ఉన్నవాళ్ళ మీద అక్కడే జరిగిన కామెట్ అనే అధ్యయనం ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. మామూలుగా ఆపరేషన్ చేసే వర్గంలో రెండేళ్ళలో 5.9 శాతం మందికి, వెంటనే ఆపరేషన్ చెయ్యకుండా కనిపెట్టుకుని చూసే వర్గంలో 4.2 శాతం మందికి గొట్టం దాటిన కాన్సర్ కనిపించింది. రెండేళ్ళు చిన్న గడువు, ఇంకా చూడాల్సింది చాలా ఉంది. ఇది చదివి నీ నాయికను వైద్యం కాదని గెలిచినదానిగా చెయ్యకు. గ్రేడ్, అంటే కణాలు ఎంత చెడ్డాయో చెప్పే కొలత, ఎక్కువున్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. నీ కథ చదివి ఒక్క మనిషి ఆపరేషన్ మానేసినా ఆ పాపం మనదే. ఆపరేషన్ చేయించుకుని కూడా, అవసరమై చేయించుకున్నానో లేదో జీవితాంతం తేలని మనిషిని చూపించు. ఆ తేలనితనాన్ని కథలో ఎక్కడా తేల్చకు.

మీ అమ్మ పెద్దమ్మవాళ్ళతో "కొవ్వుగడ్డ తీయించుకున్నా" అని చెప్పిందన్నావు. నీకు సంబంధాలు చూస్తున్నారు కాబట్టి అలా చెప్పిందని నువ్వే పసిగట్టావు. రొమ్ము కాన్సర్లలో ఎక్కువ భాగం వంశంలో వచ్చేవి కావు. అయినా ఆ తల్లి భయపడింది. ఆ అబద్ధం నీ కోసం ఆడింది. నువ్వు రాసిన చావు సీను కంటే ఈ ఒక్క అబద్ధంలోనే కథ ఎక్కువుంది.

అందుకే రాసే ముందు అమ్మను అడుగు. ఆమె దాచుకున్నదాన్ని ఆమె ఒప్పుకోకుండా బయటపెట్టే హక్కు కూతురికైనా లేదు. వద్దంటే ఈ కథ ఆపేసి ఇంకోటి రాయి, నాకు పంపు. సరే అంటే ఇద్దరూ కూచుని బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌లో తీసిన ముక్క రిపోర్టు ముందేసుకోండి. గ్రేడ్, మార్జిన్ (తీసిన ముక్క అంచుల్లో జబ్బు ఉందా లేదా అన్నది), ఈఆర్ (హార్మోన్ పరీక్ష) దగ్గర ఏం రాసుందో చూసుకోండి. మాత్ర మొదలుపెట్టాక రాత్రిళ్ళు ఒళ్ళు వేడెక్కి చెమటలు పడుతున్నాయా అడుగు. పడుతుంటే అది డాక్టరుకు చెప్పమను, కథ సంగతి తర్వాత. రిపోర్టులో అర్థం కాని మాటలుంటే సాయంత్రం ఆరు దాటాక నాకు ఫోన్ చెయ్యి. డాక్టరును అడగాల్సిన ప్రశ్నలేమిటో ఇద్దరం కలిసి రాసుకుందాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య లాంటి
ఒక రచయిత్రి