కారం మానాలా, గోలీ మానాలా? ఇంటి మిర్చి సాస్‌పై డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 44 ఏండ్లు, మాది హనుమకొండ. నాకు మొదటి నుంచీ కారం ఇష్టం. బజారులో దొరికే హాట్ సాసులు చాలా రుచి చూశాక, ఈ ఏడాది పండు మిర్చి తెచ్చి ఇంట్లోనే సాస్ చేయడం మొదలుపెట్టాను. అమ్మకు బీపీ ఉందని ఉప్పు బాగా తగ్గించి, పిల్లలకు పులుపు నచ్చదని వెనిగర్ మానేసి, మిర్చిని వెల్లుల్లితో కలిపి నూనెలో మగ్గబెట్టి, రుబ్బి, పైన నూనె తేలేలా సీసాలో పోసి వంటింటి అల్మారాలో పెడుతున్నాను. మూడు నెలలుగా రాత్రి పడుకోగానే ఛాతీలో మంట వస్తోంది. నడుము నొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకున్న గోలీ వారంలో రెండు మూడుసార్లు వేసుకుంటాను. మా నాన్నకు చాలా ఏండ్ల కింద అల్సర్ ఆపరేషన్ అయింది, అది కారం వల్లనే వచ్చిందని ఇంట్లో అందరూ అంటారు. నేను కారం పూర్తిగా మానేయాలా? మొన్న తీసిన సీసా మూత టప్పుమని లేచింది. దాన్ని వాడుకోవచ్చా? అమ్మకు పెట్టవచ్చా?

జవాబు: ముందుగా ఆ సీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన విషయాలకు కొంత వ్యవధి ఉంది, దీనికి లేదు. మూత లేచిన సీసాను వాడవద్దు; వాసన చూసో, నాలుక మీద చుక్క వేసుకునో బాగుందా లేదా అని తేల్చుకునే ప్రయత్నం కూడా చేయవద్దు. అదే పద్ధతిలో చేసి అల్మారాలో పెట్టిన మిగతా సీసాలు చూడటానికి బాగానే ఉన్నా, వాటిని కూడా మూత బిగించి, సంచిలో కట్టి పారేయండి.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది కనుక, నేలలో పెరిగే వెల్లుల్లికి దాని స్పోర్లు, అంటే గట్టి పెంకుతో విత్తనాల్లా నిద్రాణంగా ఉండే రూపాలు, అంటుకుని రావచ్చు. వంటింట్లో మనం మగ్గబెట్టే వేడికి, చివరకు మరిగే నీటి వేడికి కూడా ఆ స్పోర్లు చావవు. గాలి తగలని, పులుపు లేని, తడి ఉన్న పదార్థం గది వేడిలో దొరికితే అవి మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారు చేస్తాయి. మీరు మంచి ఉద్దేశంతోనే ఉప్పు తగ్గించారు, పిల్లల కోసమే పులుపు మానేశారు, పాడు కాకూడదనే పైన నూనె పోశారు. కానీ ఈ మూడూ ఒకే సీసాలో కలిసేసరికి ఆ బ్యాక్టీరియాకు కావలసిన పరిస్థితులన్నీ సమకూరాయి. మూత లేవడానికి మామూలు ఈస్ట్ కూడా కారణం కావచ్చు, అయితే ఏది కారణమో ఇంట్లో తేల్చే మార్గం లేదు. బొటులిజం అరుదైన జబ్బే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సాస్ ఈ పది రోజుల్లో తిన్నవారిలో ఎవరికైనా కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టం కావడం వంటివి మొదలైతే రాత్రి అని చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఏం తిన్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మరి మన ఇండ్లలో కొరివి కారం ఏడాది పొడవునా జాడీలో ఎలా నిలుస్తోందని మీరు అడగవచ్చు. అందులో కిలో పండు మిర్చికి పావు కిలో దాకా ఉప్పు, దాదాపు అంతే చింతపండు పడతాయి. ఆ ఉప్పులో, ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా పెరగలేదు. పైగా చాలా ఇండ్లలో తొక్కును జాడీలో విడిగా ఉంచి, కావలసినప్పుడు కొంచెం తీసి వెల్లుల్లి, పోపు వేసుకుంటారు. కాబట్టి ఉప్పు గానీ పులుపు గానీ తగ్గించాలనుకున్నప్పుడు, తొక్కు నిలవ ఉండటానికి దాని స్థానంలో ఏం పెడుతున్నామో ముందే ఆలోచించుకోవాలి.

ఇక మీ ఛాతీ మంట. మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అన్నవాహికను కాల్చదు. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే నాడీ గ్రాహకాన్ని ప్రేరేపించి, అక్కడ ఏదో కాలుతోందని మెదడుకు కబురు పంపిస్తుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పొగలు కక్కే అన్నంలో కలిపిన కారం చల్లారిన అన్నంలో కన్నా ఎక్కువ మండటానికి కారణం కూడా ఇదే. కడుపులోని ఆమ్లం పైకి తన్ని అన్నవాహిక అప్పటికే ఒరిసిపోయి ఉంటే, అదే కారం రెట్టింపు బాధిస్తుంది. కనుక కారం మీ మంటను పెంచుతూ ఉండవచ్చు, కానీ దానికి మూలం వేరే చోట ఉండే అవకాశం ఎక్కువ. నూనె ఎక్కువైన తిండి కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, అన్నవాహిక చివర ఉండే కండర ద్వారాన్ని వదులు చేస్తుంది. అలాంటి భోజనం చేసి వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి రావడం సహజం. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకుని, మంచం తలవైపు కోళ్ల కింద జానెడు ఎత్తు పెట్టి, నెల రోజులు కారాన్ని, కొత్తగా చేసుకునే సాస్‌నైనా సరే, మధ్యాహ్న భోజనానికే పరిమితం చేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మిర్చి కాదు, నడుము నొప్పి గోలీ. మందుల చీటీ లేకుండా తెచ్చుకునే నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కడుపు లోపలి పొరను కాపాడే రసాయనాల తయారీని అడ్డుకుంటాయి, పుండ్లు పడటానికి ఇవి ప్రధాన కారణాల్లో ఒకటి. రెండో ప్రధాన కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు 1982లో దీన్ని కడుపు నుంచి వేరు చేసి పెంచగలిగారు, 2005లో వారికి నోబెల్ వచ్చింది. అంతకు ముందు తరం డాక్టర్లు కూడా అల్సర్‌కు కారాన్నీ, మనోవ్యథనూ తప్పుపట్టేవారు, అందువల్ల మీ ఇంట్లో వారు అలా నమ్మడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఈ బ్యాక్టీరియా సాధారణంగా చిన్నతనంలోనే, ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నాన్నగారికి అల్సర్ ఉండేది, మీరు నొప్పి గోలీలు వాడుతున్నారు. ఈ రెండూ ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోవడం మంచిది. శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో ఇది తేలుతుంది. పరీక్షకు ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ వంటి గ్యాస్ గోలీలు, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ వాడి ఉండకూడదు, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. ఉన్నట్టు తేలితే సాధారణంగా 14 రోజుల మందుల కోర్సు ఉంటుంది, దాన్ని మధ్యలో ఆపకూడదు. నొప్పి గోలీని మాత్రం ఈ రోజే ఆపి, నడుముకు వేరే మార్గం కోసం డాక్టరును కలవండి.

మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం, ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా సలహాల కోసం ఆగకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. మంట నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో వచ్చి, చెమటతో పాటు ఎడమ చేతికీ దవడకూ పాకితే అది గుండెది కావచ్చు. మీ వయసులో దాన్ని గ్యాస్ అనుకుని గోలీ మింగి పడుకోవద్దు, వెంటనే ఈసీజీ తీయించుకోండి.

ఇవేవీ లేకపోతే మీరు కారం మానేయనక్కర లేదు, సాస్ చేసే పద్ధతి మార్చుకుంటే చాలు. నేను సూచించేది పులియబెట్టే పద్ధతి. పండు మిర్చిని కడిగి, తడి ఆరాక తొడిమలు తీసి, కిలోకు 30 గ్రాముల ఉప్పు త్రాసులో తూచి కలిపి కచ్చాపచ్చాగా రుబ్బండి. ఇష్టమైతే వెల్లుల్లి ఇందులోనే వేయవచ్చు, నూనె మాత్రం వద్దు. గాజు జాడీలో పావు వంతు ఖాళీ వదిలి నింపి, ముక్కలు రసంలో మునిగి ఉండేలా అదిమి, రోజూ మూత కొంచెం వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. మన ఎండలకు నీడలో పెట్టినా వారం రోజుల్లో పుల్లటి వాసన వస్తుంది. పైన తెల్లటి పలుచని పొర వస్తే తీసేయవచ్చు కానీ పచ్చగా, నల్లగా, గులాబీ రంగులో బూజు పడితే మొత్తం పారబోయాలి. తర్వాత కిలోకు 200 మిల్లీలీటర్ల చొప్పున, ఆమ్లం 4 శాతానికి తగ్గని తినే వెనిగర్ కలిపి పది నిమిషాలు మరిగించి, వడకట్టి, శుభ్రమైన గాజు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పులుపును కొలిచే పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉంటే బొటులినమ్ పెరగదు. ఇంట్లో కొలతలు అటూ ఇటూ అవుతాయి కనుక 4 కన్నా తక్కువ వచ్చేలా చూసుకోండి. ల్యాబ్ సామాను అమ్మే దుకాణాల్లో పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. సాస్ రంగు కాగితానికి అంటి మోసం చేస్తుంది కాబట్టి, గుడ్డలో వడగట్టిన రసంతో చూడండి.

మిర్చి విషయానికి వస్తే, వరంగల్ వారికి దూరం వెళ్లే పని లేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి, అదే టమాటా మిర్చి, ఎర్రటి రంగూ మందపాటి తోలూ ఉండి కారం తక్కువగా ఉంటుంది. ముప్పాతిక వంతు అది, పావు వంతు ఘాటైన తేజ రకం మిర్చి కలిపితే రంగుకు రంగు, ఘాటుకు ఘాటు వస్తాయి. ఇంకా తగ్గించాలంటే గింజలు పట్టి ఉండే లోపలి తెల్లటి ఈనెను తీసేయండి, ఎందుకంటే క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజలో కాదు, ఆ ఈనెలోనే. రుబ్బేటప్పుడు తొడుగులు వేసుకోండి. చేతులు మండితే ముందు వంట నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడగండి, వట్టి నీళ్లతో అది వదలదు. మరిగించే ఘాటు ఆస్తమా ఉన్నవారికి దగ్గు, ఆయాసం తెప్పిస్తుంది, కిటికీలు తెరిచి వారిని ఆ గదికి దూరంగా ఉంచండి.

అమ్మగారి సంగతికి వస్తే, బీపీ ఉన్నవారికి అసలు చిక్కు ఉప్పుతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. పైన చెప్పిన కొలతల్లో చేసిన కొరివి కారం ఒక పెద్ద చెంచా, అంటే దాదాపు 20 గ్రాములు తింటే, అందులోనే మూడు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పులియబెట్టిన సాస్ అంతే తింటే అర గ్రాము మాత్రమే. అందువల్ల ఆమెకు తొక్కు బదులు ఈ సాస్‌ను చిన్న చెంచాడు పెట్టవచ్చు, ఆ పూట కూరలో ఉప్పు కొంచెం తగ్గించి. కొనే సాస్ అయితే లేబుల్ మీద 100 గ్రాములకు ఎంత సోడియం ఉందో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. తక్కువ సోడియం ఉప్పు వాడదామనుకుంటే మాత్రం ముందు ఆమె బీపీ గోలీల పేర్లు డాక్టరుకు చూపించండి. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికీ, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికీ అది రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు.