రాజు ముఖం చూసి డబ్బివ్వకు

చిన్నీ,

నువ్వు వియన్నా నుంచి పంపిన పాత అచ్చుబొమ్మ ఫోటో చూశాను. కొట్టతను అది పవిత్ర రోమన్ సామ్రాజ్యపు యువ చక్రవర్తి ఐదో చార్లెస్ బొమ్మ అన్నాడనీ, బేరం కుదిరేలా ఉందనీ రాశావు. తొందరపడకు.

ముందు కింద ఉన్న లాటిన్ చదివించుకో. అందులో చార్లెస్ పేరున్న మాట నిజమే. కానీ అక్కడ చెప్పేది, మహోన్నతుడైన చార్లెస్ సీజరుకు, అంటే చక్రవర్తికి, తర్వాతివాడు, రోమన్ల రాజు ఫెర్డినాండ్ ముఖం ఇలా ఉండేదని. అంటే ఇతను చార్లెస్ తమ్ముడు. తన బొమ్మ కింద కూడా అన్న పేరు తప్పలేదు, పాపం! 1531 జనవరిలో ఫెర్డినాండ్‌ను రోమన్ల రాజుగా, అంటే అన్న తర్వాత చక్రవర్తి కావలసినవాడిగా, ఎన్నుకున్నారు. ఆ ఏడే న్యూరెంబర్గ్‌కు చెందిన బార్తెల్ బెహామ్ అన్నదమ్ములిద్దరి బొమ్మలూ రాగి రేకుల మీద చెక్కాడు. ఆరేళ్ల ముందు ఇదే బెహామ్‌ను దైవభక్తి లేనివాడని ఆ ఊరి నుంచి వెళ్లగొట్టారు. రాజుల ముఖాలు చెక్కడానికి అది అడ్డు రాలేదు మరి.

బొమ్మ ఎవరిదో తేలినంత మాత్రాన కాగితం పాతదని కాదు. మన రాగి శాసనాల మీద అక్షరాలు నేరుగా చదువుకుంటాం. ఇక్కడ రేకు నుంచి అచ్చు తీయాలి కనుక అక్షరాలూ ముఖమూ అన్నీ తిరగేసి చెక్కాలి. బ్యూరిన్ అనే పదునైన ఉక్కు పనిముట్టును చేత్తో ముందుకు తోస్తూ రాగిని తవ్వుతారు. నేను నేర్చుకునే రోజుల్లో అరచేయి బొబ్బలెక్కేది. గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సూదిమొనలా ముగుస్తుంది. భూతద్దం పెట్టి గడ్డం, బుగ్గ దగ్గర అదే వెతుకు. గీతల బదులు చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది ఈకాలపు అచ్చుయంత్రం మీద వేసిన పుస్తకంలోంచి చింపిన పేజీ. యాభై ఏళ్ల కిందట నేను సరిగ్గా అలాంటిదే కొని, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించాక గాని చూసుకోలేదు. మీ పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

తర్వాత కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకో. ఆ కాలపు కాగితం తీగల జల్లెడ మీద తయారయ్యేది కాబట్టి దగ్గర దగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా ఎడమెడంగా మరికొన్ని కనిపిస్తాయి. వాటర్‌మార్క్, అంటే వెలుతురులో కనిపించే కాగితం తయారీదారు గుర్తు, ఉంటే ఫోటో తియ్యి. రేకు అంచు కాగితంలోకి దిగిన గుర్తు నాలుగు పక్కలా ఉందా చూడు. లేదని వెంటనే కొట్టిపారెయ్యకు, పాత సేకర్తలు అంచులు కత్తిరించేసేవారు. కొట్టతన్ని మాత్రం అడుగు, ఆ వంకతో ధర కొంత దిగుతుంది.

నిజమైన రేకు నుంచి వచ్చినదైనా అన్నీ ఒకటి కావు. రాగి మెత్తన. అచ్చులు తీసేకొద్దీ గీతలు అరిగిపోతాయి. మొదట్లో తీసిన వాటిలో నీడలు నల్లగా, నిండుగా ఉంటాయి. బాగా అరిగాక తీసినవి బూడిదరంగులో, ముఖం చదునుగా కనిపిస్తుంది. నీ ఫోటోలో టోపీ కింద నీడ నాకు కాస్త నీరసంగానే ఉంది, ఫోన్ వల్లే అయ్యుండొచ్చు. మీ ఊళ్లోనే ఆల్బర్టినా మ్యూజియం ఉంది, పాత అచ్చుబొమ్మలకు పెట్టింది పేరు. అక్కడివాళ్లకు మెయిల్ రాసి, ఈ బొమ్మ మంచి ప్రతిని చూసే వీలుందేమో కనుక్కో. ఒక్కసారి అది చూస్తే నేను చెప్పేదంతా నీ కంటికే తెలుస్తుంది.

ఒకవేళ కొంటే దాని మీద సెల్లోటేపు వెయ్యకు, లామినేషన్ మాట ఎత్తకు, ఎండ తగిలే గోడకు పెట్టకు.

రేపు కొట్టుకెళ్లి వెనక వైపు ఫోటో తీసి పంపు. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.

మీ బాబాయ్