మార్కుల పట్టిక తీసెయ్

తమ్ముడూ,

వ్యాసం అందింది. వాక్యం బాగుంది. కానీ నాలుగు స్టెల్త్ (రాడార్‌కు తేలిగ్గా చిక్కని) యుద్ధవిమానాలకు పదికి ఇన్నని మార్కులు వేసిన ఆ పట్టిక చూసి ఒళ్లు మండింది. సమవుజ్జీతో గాల్లో తలపడనివాటికి ర్యాంకులేమిటి? అమెరికా ఎఫ్-22 సర్వీసులోకి వచ్చింది 2005లో. గాల్లో అది మొదట కూల్చింది 2023లో, ఒక చైనా బెలూన్‌ని.

ఎఫ్-35 ఆర్‌సీఎస్, అంటే రాడార్‌కు అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్న కొలత, 0.001 చదరపు మీటర్లన్నావు. ఏ ఫ్రీక్వెన్సీలో? ఏ కోణం నుంచి? ఆ రెండూ లేని అంకె దండగ. పైగా ఆర్‌సీఎస్ పది రెట్లు తగ్గినా, రాడార్‌కు దొరికే దూరం సగానికి కాస్త పైనే ఉంటుంది. దూరం పదో వంతుకు రావాలంటే పదివేల రెట్లు తగ్గాలి. 1999 మార్చి 27న సెర్బియాలో అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను కూల్చింది 1960ల నాటి ఎస్-125 క్షిపణి. జాడ పట్టింది మీటర్ తరంగాల పి-18 రాడార్. తరంగదైర్ఘ్యం తోక, రెక్క భాగాల కొలతకు దగ్గరపడితే రాడార్ తరంగాలను పక్కకు మళ్లించే ఆకారంలోని నేర్పు అంతగా పనిచేయదు. విమానాలు అవే దారుల్లో వచ్చిపోవడం కూడా సెర్బులకు కలిసొచ్చింది. ఇది నీ పట్టికలో ఏ గడిలో పడుతుంది?

2017లో అమెరికా వైమానిక విన్యాసం రెడ్ ఫ్లాగ్‌లో ఎఫ్-35 ఒకటి పోగొట్టుకుని ఇరవై కూల్చిందంటూ 20కి 1 అన్న స్కోరు ఎత్తిరాశావు. ముందు నిబంధనలు అడుగు: కూలిన శత్రువు మళ్లీ లేచి వచ్చాడా, అవాక్స్ (గాల్లోంచి నిఘా వేసే రాడార్ విమానం) ఎవరికుంది, ఎవరి దగ్గర ఏ క్షిపణి ఉందనుకున్నారు. 2015లో ఎఫ్-16 చేతిలో ‘ఓడిన’ ఎఫ్-35కి స్టెల్త్ పూతా లేదు, పూర్తి సాఫ్ట్‌వేరూ లేదు. అక్కడ పరీక్షించింది కంట్రోల్ లాని, అంటే పైలట్ ఆదేశాలకు విమానం ఎలా కదలాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ సూత్రాలని. మన ఎడిటర్లు మాత్రం ఆ శీర్షికను ఇప్పటికీ వదల్లేదు, వాళ్లకు కావలసింది కోడిపందెం. స్టెల్త్ విమానాన్ని పక్కదేశం రాడార్ పట్టేసిందన్న వార్తలూ అంతే. శాంతికాలంలో ఇవి కావాలనే కనిపించేలా లూనెబర్గ్ లెన్స్ (రాడార్ తరంగాలను వెనక్కి తిప్పికొట్టే పరికరం) తగిలించుకుని ఎగురుతుంటాయి.

యుద్ధం రాకముందే తూచగలిగినవి వేరు. కడుపులో పట్టే క్షిపణులు ఎఫ్-22లో 8, ఎఫ్-35లో మామూలుగా 4. రెక్కల కింద వేలాడదీస్తే స్టెల్త్ పోయినట్టే. ఎఫ్-35ఏలో లోపలి ఇంధనం 8 టన్నుల పైచిలుకు. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున ఎన్ని పైకి లేస్తాయన్నది. అమెరికా పార్లమెంటు తరఫున ఖర్చులు తనిఖీ చేసే జీఏఓ లెక్కలో 2023 మార్చిలో అమెరికా ఎఫ్-35ల్లో సిద్ధంగా ఉన్నవి దాదాపు 55 శాతం. 2025 జూన్ 14న తిరువనంతపురంలో దిగిన బ్రిటిష్ ఎఫ్-35బి హైడ్రాలిక్ లోపంతో జూలై 22 దాకా ఎగరలేదు, ఇంజనీర్లూ పరికరాలూ బ్రిటన్ నుంచి రావాల్సి వచ్చింది. నువ్వు దాని మీద జోకు వేసి వదిలేశావు.

మన దేశం తయారుచేస్తున్న స్టెల్త్ విమానం ఆమ్కా సంగతి అడిగావు. ముందు ఎగరనీ. జీఏఓ నివేదికలు ముందేసుకుని మళ్లీ రాయి. చైనా జె-20 భాగంలో తయారీదారు ప్రచారం నుంచి ఎత్తిన అంకెలన్నీ కొట్టేశాకే పంపు.