టైఫాయిడ్ జ్వరం మళ్లీ ఎందుకు తిరగబెట్టింది?

నమస్కారం. మీ తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి, అయిదో రోజుకే జ్వరం తగ్గడంతో మాత్రలు ఆపేశారనీ, పదిహేను రోజులకు అది మళ్లీ తిరగబెట్టిందనీ, మిగిలిన మాత్రలే వేయవచ్చా అనీ అడిగారు. దయచేసి వేయకండి.

సాల్మొనెల్లా టైఫీ అనే ఈ బ్యాక్టీరియా కలుషితమైన నీటితోనో తిండితోనో లోపలికి చేరి, చిన్నపేగు గోడను దాటి, క్రిములను మింగి మనల్ని కాపాడవలసిన కణాల్లోనే తలదాచుకుని, కాలేయంలోనూ ప్లీహంలోనూ వృద్ధి చెందుతుంది. జ్వరం తగ్గిందంటే వాటి సంఖ్య తగ్గిందనే తప్ప, దాగినవన్నీ చచ్చాయని కాదు. అందుకే డాక్టరు రాసిన కోర్సును, సాధారణంగా 7 నుంచి 14 రోజులు, పూర్తిగా వాడాలి.

ఈసారి కొత్త మందు మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించమని డాక్టరును అడగండి. క్రిమి ఏ మందుకు లొంగుతుందో అందులో తేలుతుంది. రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలను వెతికే విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాత జ్వరం తాలూకు యాంటీబాడీలు కూడా అందులో పాజిటివ్‌గా కనిపించవచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి మలం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పేగులో రక్తస్రావం జరిగే, రంధ్రం పడే ప్రమాదం ఉంది.

తాగే నీళ్లను తెర్లేదాకా కాచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి; చేతివేళ్లు మునిగేలా గ్లాసు ముంచకుండా, పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. కోలుకున్నాక కూడా కొందరి పిత్తాశయంలో ఈ క్రిములు ఉండిపోతాయి కనుక, డాక్టరు సరేననే వరకు మీ తమ్ముడు వంటపనికి దూరంగా ఉండాలి. ఇంట్లో మిగతావారికి టైఫాయిడ్ రాకుండా వేసే కాంజుగేట్ టీకా గురించి డాక్టరును అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆమోదించిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లో తయారైనదే.